కాపీ తీయండి, వైరు పీకండి

2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. గుంటూరు జిల్లా పోలీసుల కంప్యూటర్లకూ సోకింది. అప్పట్లో మన చెరుకుపల్లి ఆ జిల్లాలోదే. ఆ వైరస్ ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంటుంది. బాధ కలిగించే సంగతేమిటంటే, దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది. చాలామంది వేసుకోలేదు.

ఎరువుల కొట్టు బాకీలైనా, రైసుమిల్లు లెక్కలైనా పోతే మళ్లీ రాసుకోగలమా? అందుకే కంప్యూటర్ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. లెక్కల కాపీ విడిగా హార్డ్‌డిస్కులో పెట్టుకోండి. కాపీ అవగానే వైరు పీకేయండి. తగిలించి ఉంచితే వైరస్ దానికీ తాళం వేయగలదు. మళ్లీ చెబుతున్నాను, కాపీ తీయండి, వైరు పీకండి. డబ్బు కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న హామీ లేదు. ఆన్‌లైన్ మోసంలో ఖాతా నుంచి సొమ్ము పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.