ప్యాకెట్ చదివి కొందాం



మన నల్లగండ్ల దుకాణాల్లో ఆలుగడ్డ బిళ్లలు గడ్డకట్టించి అమ్ముతున్నారు. నవ్వు ముఖం బిళ్లలంటే పిల్లలకు మహా ఇష్టం. పని నుంచి అలసి వచ్చిననాడు నూనెలో వేస్తే నిమిషాల్లో వేగుతాయి.

అగ్గువని కొనేస్తున్నామా? ముందు ప్యాకెట్ చదవండి. బరువు 400 గ్రాములైతే, రెండున్నర ప్యాకెట్లకు ఒక కిలో. ఆ లెక్కన కిలో ధర కట్టండి. పచ్చి ఆలుగడ్డ ధర పక్కన పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

గడువు తారీఖు కూడా చదవండి. ఈ బిళ్లలు సున్నాకు 18 డిగ్రీల కింద చలిలో ఉండాలి. మెత్తబడ్డ ప్యాకెట్ కొనకండి. కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకండి.

ఎప్పుడన్నా ఒకనాడు తిందాం. రోజూ వద్దు. తిన్ననాడు పప్పు, ఆకుకూర తప్పక వడ్డిద్దాం.

నేర్చుకున్న అక్షరం మన డబ్బును, పిల్లల కడుపును కాపాడాలి.