మొగుడంపల్లి నుంచే మొదలుపెట్టండి



పొద్దున ఈ కాలేజీకి వచ్చినప్పటి నుంచి, పట్టాలు అందుకున్న మీలో చాలామందిని ‘ఇప్పుడేం చేస్తారు?’ అని అడుగుతూనే ఉన్నాను. ‘హైదరాబాద్ పోతం సార్, అశోక్‌నగర్‌ల రూమ్ తీసుకొని గ్రూప్-1కి, సివిల్స్‌కి ప్రిపేరైతం’ అన్నవాళ్ళే ఎక్కువ. ఉద్యోగకాలమంతా రెవెన్యూ శాఖలో గడిపినవాణ్ణి, ఈ మాట వింటే నాకు సంతోషం. ఈ మొగుడంపల్లి మండలం నుంచి ఒక కలెక్టర్ రావాలని మీకెంత ఉందో నాకూ అంతే ఉంది. అందుకే ఈ కాసేపూ దాని గురించే మాట్లాడతాను. కోచింగ్ కోసం అశోక్‌నగర్ పోయేముందు ఇక్కడ చదవాల్సింది చాలా ఉంది. అది చదవకుండా బస్సెక్కకండి.

సివిల్స్ ప్రిలిమ్స్‌కు పుస్తకాలున్నాయి, పాత ప్రశ్నపత్రాలున్నాయి. సాధన చేస్తే దారి దొరుకుతుంది. ర్యాంకును తేల్చేది మాత్రం మెయిన్స్. అక్కడ 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275. జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లు ఒక్కోటి మూడు గంటలు, 20 ప్రశ్నలు. అంటే జవాబుకు తొమ్మిది నిమిషాలు. వేలమంది ఒకే కోచింగ్ నోట్సులోని ఆ నాలుగు పాయింట్లే రాస్తే, దిద్దేవాళ్ళకు మీరు ఎక్కడ కనబడతారు?

‘చిరుధాన్యాల సాగు ఎందుకు తగ్గింది?’ అని ప్రశ్న వచ్చిందనుకోండి. నోట్సులో హరిత విప్లవం, మద్దతు ధర, మారిన ఆహారపు అలవాట్లు అని ఉంటుంది. తప్పు కాదు. కానీ ఒకసారి మీ అవ్వనడగండి. ఆమె చిన్నప్పుడు ఇంట్లో జొన్నరొట్టె, వరి బువ్వ పండగనాడు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చిన పథకం అది, ఆ మాట ముందు రాయాలి. తర్వాత రాయాల్సింది దాని రెండోవైపు. రేషన్ షాపులో బియ్యమే దొరుకుతుంటే మెట్టచేలో జొన్న వేసి, కాపలా కాసి, కోసి, కొట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? జొన్న తగ్గితే చొప్ప తగ్గింది. చొప్ప లేక ఎడ్లు అమ్ముకున్నారు. ఎడ్లు పోతే చేనుకు పెంట లేదు. ఇదంతా ఏ నోట్సులోనూ ఈ వరుసలో ఉండదు, మీ అవ్వ నోట్లో ఉంటుంది.

కథ అక్కడ ఆగలేదు. మన జహీరాబాద్ పల్లెల్లోనే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, వాళ్ళలో ఎక్కువమంది దళిత మహిళలు, పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చారు. పండిన జొన్నలను ఊళ్ళోనే నిల్వ చేసి పేదలకు తక్కువ ధరకు పంచే ఏర్పాటు 1990లలోనే నడిపారు. జాతీయ ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమల పక్కన ముతక ధాన్యాలకు చోటు దొరికింది 2013లో. ఢిల్లీ కంటే ముందే ఆలోచించిన మనుషులు మీ పక్క ఊళ్ళలో ఉన్నారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

సంక్రాంతికి ఈ సంఘాల మహిళలు నడిపే పాత పంటల జాతర ఎడ్లబండ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళండి. విత్తనాల బుట్ట దగ్గర కూర్చుని అడగండి. ఒకే చేలో జొన్నతోపాటు కంది, కుసుమ, శనగ ఎందుకు కలిపి వేస్తారు? వాన ముఖం చాటేస్తే ఏది చేతికొస్తుంది? బూడిద, వేపాకు కలిపి విత్తనాన్ని ఏడాది ఎలా దాస్తారు? పోషకాహారం, వాతావరణ మార్పు, మహిళల భూమి హక్కు అని సిలబస్‌లో వేరువేరు చోట్ల ఉన్నవన్నీ ఆ బుట్ట చుట్టూనే ఉన్నాయి.

అలాగే మీ తహసీల్ ఆఫీసు. 2016 అక్టోబరులో జిల్లాలు 10 నుంచి 31 అయినప్పుడే మొగుడంపల్లి కూడా జహీరాబాద్ నుంచి విడిపోయి మండలమైంది. దానివల్ల ఎవరికి దూరం తగ్గింది, ఏ పనికి ఇంకా సంగారెడ్డి దాకా పోవాల్సి వస్తోంది, తెలుసుకుని రాయండి. ఒక పూట ఆ వరండాలో కూర్చుని, రాయడం రాని ముసలాయనకు అర్జీ రాసిపెట్టండి. సర్వే నంబరు, విరాసత్ (వారసత్వ బదిలీ), హద్దుల తగాదా ఆయన చెబుతుంటే నేర్చుకుంటారు. రేపు కుర్చీలో కూర్చున్నాక ఆ కాగితం అవతల నిలబడ్డ మనిషి మీకు గుర్తుంటాడు.

భాషకు భయపడకండి. శ్రీకాకుళం జిల్లా పారసాంబ రైతు కుటుంబం నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులో రాసి 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులోనూ రాయొచ్చు, ఉర్దూలోనూ రాయొచ్చు. అయితే సివిల్స్ ప్రిలిమ్స్ పత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. కాబట్టి రోజూ ఒక ఇంగ్లీషు పేపరు చదివే అలవాటు ఈ వారమే మొదలుకావాలి.

ఇక కష్టమైన మాట. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులకు. పేపర్ లీకై ప్రిలిమ్స్ రద్దయింది. మళ్ళీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. నియామక పత్రాలు చేతికందింది 2025 సెప్టెంబరులో. చదివినవాళ్ళ తప్పేమీ లేకుండానే మూడేళ్ళు దాటిపోయాయి. ఆ మూడేళ్ళూ రూము కిరాయికి నాయిన అప్పు తెచ్చిన పిల్లల గురించి తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. గోపాలకృష్ణ సర్కారు బడిలో టీచరుగా పనిచేస్తూ చదివారు. 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించిన మెట్‌పల్లి అనుదీప్ దురిశెట్టి అప్పటికే ఐఆర్‌ఎస్‌లో ఉన్నారు, అది ఆయన ఐదో ప్రయత్నం. మీరూ ముందు ఏదో ఒక జీతం చూసుకోండి. గ్రూప్-4 అయినా, ప్రైవేటు బడి అయినా ఫరవాలేదు. ఎన్నేళ్ళు ప్రయత్నిస్తారో ఇంట్లో కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి.

చివరగా, వెనక వరుసల్లో కూర్చున్న ఆడపిల్లల అమ్మానాయినలకు. సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌కు చెందిన ఉమా హారతి 2022 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకుంది ఐదో ప్రయత్నంలో. అన్ని ఏళ్ళు ఇల్లు ఆమె వెనక నిలబడింది. మీ బిడ్డకు కనీసం మూడేళ్ళు ఇవ్వండి, అప్పటిదాకా సంబంధాలు చూడకండి. వంటపని అయ్యాకే పుస్తకం అనకండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లె బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ ఖర్చు లేదు. సోమవారం నుంచే జహీరాబాద్ గ్రంథాలయానికి పంపండి.