పికప్ ట్రక్కు - పదేళ్ళ పద్దు

2024 సంక్రాంతికి నేను తెనాలిలో మా అక్కగారింట ఉన్నాను. రాత్రి భోజనాలైన తరువాత అమెరికా నుండి మేనల్లుడు ఫోను చేశాడు. టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఇర్వింగ్‌లో అతని కాపురం. కంప్యూటర్ ఉద్యోగం పోయిన మీదట, భార్యాభర్తలిద్దరూ కలిసి అక్కడి తెలుగు కుటుంబాలకు భోజనాలు వండి పంపే పని పెట్టుకున్నారు. ఉన్న కారు ఆ పనికి చాలడం లేదు. ఒక చిన్న పికప్ ట్రక్కు కొనవలసి వచ్చింది. హైబ్రిడ్ కొనడమా, కేవలం పెట్రోలుతో నడిచేది కొనడమా అన్నది అతని సందేహం.

బావగారు వెంటనే తీర్పు చెప్పేశారు. "బ్యాటరీ బండి వద్దురా అబ్బాయీ. మన ఇన్వర్టరు బ్యాటరీ నాలుగేళ్ళు తిరక్కుండానే మార్చాము. నీ బండి బ్యాటరీ పోయిందంటే నువ్వు పెట్టిన భోజనాల లాభమంతా దానికే సమర్పించుకోవాలి." పిమ్మట నా వైపు తిరిగి, "ఏమోయ్, రేడియోలో పదిమందికీ చెబుతావు గదా, వీడికీ కాస్త చెప్పు" అన్నారు.

ఆ రాత్రి నేను చెప్పగలిగినది స్వల్పం. తరువాత కాగితం, కలం ముందు పెట్టుకొని వేసిన లెక్కనే ఇప్పుడు మీకు వినిపిస్తున్నాను. పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు మన శ్రోతలలో అనేకం ఉన్నవి గనుక, ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదని నా నమ్మకం.

ముందుగా పికప్ అంటే ఏమిటో ఒక మాట. బావగారి మనస్సులో పికప్ అంటే తెల్లవారుజామున కూరగాయల మార్కెట్టుకు వెళ్ళే ట్రాలీ ఆటో. అమెరికాలో అది గృహస్థు బండి. ముందు భాగంలో కారువలెనే కుటుంబం కూర్చుంటుంది, వెనుక సామాను వేసుకునే తొట్టి ఉంటుంది. 1977 నుండి ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడుపోతూ వచ్చిన ట్రక్కు ఫోర్డ్ కంపెనీ ఎఫ్ తరగతి పికప్. పెట్రోలును వారు గ్యాసు అంటారు. ఆ మాట విని మన వారు వంటగ్యాసు సిలిండరును ఊహించుకోవడం కద్దు.

హైబ్రిడ్ అనే మాట మన రైతులకు జొన్న విత్తనాల నాటి నుండీ పరిచితమే. బండి విషయంలో దాని అర్థం వేరు. ఒక పెట్రోలు ఇంజను, ఒక విద్యుత్ మోటారు ఒకే బండిలో ఉండి పనిని పంచుకుంటాయి. నేను చెప్పబోయే రకాన్ని గోడకు తీగ తగిలించి ఛార్జి చేయనక్కరలేదు. మామూలు బండిలో బ్రేకు వేసినప్పుడు, అంతవరకూ పెట్రోలు కాల్చి సంపాదించిన వేగమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో ఆ క్షణాన మోటారు జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి చేరుస్తుంది. కూడలిలో ఎర్రదీపం దగ్గర ఇంజను ఆగిపోతుంది. పచ్చదీపం వెలగగానే ఆ దాచిన విద్యుత్తే బండిని ముందుకు లాగుతుంది. కనుక ఆగుతూ సాగుతూ పోయే నగర వీధులలోనే దాని ప్రతాపం. బ్రేకు తాకకుండా యాభై మైళ్ళు ఒకే వేగంతో పోయే రాజమార్గం మీద దాచడానికీ పెద్దగా ఏమీ ఉండదు, తీసి వాడుకోవడానికీ ఉండదు. నా లెక్క అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

లెక్కలో దిగే ముందు, అమెరికా వారిని తరతరాలుగా తప్పుదారి పట్టించిన ఒక కొలతను గురించి చెప్పాలి. గ్యాలను పెట్రోలుకు ఎన్ని మైళ్ళు అన్నది వారి కొలత. మన మైలేజి కూడా అటువంటిదే. గ్యాలనుకు 33 మైళ్ళిచ్చే కారును మార్చి 50 మైళ్ళిచ్చే కారు కొన్నవాడు గొప్ప పొదుపరి అనిపించుకుంటాడు. 14 మైళ్ళిచ్చే ట్రక్కును మార్చి 17 మైళ్ళిచ్చేది కొన్నవానిని ఎవరూ మెచ్చుకోరు. నూరు మైళ్ళకు లెక్క కట్టి చూడండి. మొదటివాడు మూడు గ్యాలన్లు కాల్చే చోట రెండు కాల్చి ఒక్క గ్యాలను మిగిల్చాడు. రెండవవాడు ఏడింటికి పైగా కాల్చే చోట ఆరింటి లోపు కాల్చి, ఒకటింబాతిక గ్యాలను మిగిల్చాడు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమను గురించి వ్రాశారు. కొత్త బండి అద్దానికి అతికించే చీటీ మీద నూరు మైళ్ళకు ఎన్ని గ్యాలన్లు అన్న అంకె కూడా అక్కడ 2013 నమూనాల నుండి తప్పనిసరి అయింది. మా మేనల్లునికి నేను ఇచ్చిన మొదటి సలహా ఆ చిన్న అక్షరాల అంకెను చూడమనే.

అతడు ఎంచుకున్నది ఫోర్డ్ కంపెనీవారి మావెరిక్ అనే చిన్న పికప్. దీని కథ కొంత విచిత్రం. ఇది 2021లో వెలువడినప్పుడు, 2022 నమూనాలో హైబ్రిడే మామూలు బండి. కేవలం పెట్రోలు ఇంజను కావాలన్నవారే 1085 డాలర్లు అదనంగా ఇచ్చుకోవలసి ఉండేది. గిరాకీ ఎంతగా పెరిగిందంటే, 2022 జనవరిలో ఆ యేటి నమూనాకు కంపెనీ ఆర్డర్లు తీసుకోవడం ఆపివేసింది. 2024 నమూనా వచ్చేసరికి పళ్ళెం తిరగబడింది. పెట్రోలుది మామూలు బండి అయింది. ఆ యేట హైబ్రిడ్ కావాలంటే 1500 డాలర్లు అదనంగా ఇవ్వవలసి ఉండేది. బండ్లు అవే, వెలలో తేడా మాత్రం దిక్కు మార్చుకొన్నది. కనుక హైబ్రిడ్ లాభమా అని ఊరికే అడిగితే జవాబు ఉండదు. ఏ యేట, ఏ వెలకు అని కూడా అడగాలి.

ఇక పెట్రోలు సంగతి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ తొలి నమూనాలకు ఇచ్చిన అంకెల ప్రకారం, ముందు చక్రాలతో నడిచే మావెరిక్ హైబ్రిడ్ నగరంలో గ్యాలనుకు 42 మైళ్ళు, రాజమార్గం మీద 33 మైళ్ళు పోతుంది. పెట్రోలు బండి నగరంలో 23, రాజమార్గం మీద 30. నగరంలో ఉన్న తేడా ఎక్కడ, రాజమార్గంలోని తేడా ఎక్కడ! ఏడాదికి 15,000 మైళ్ళ ప్రయాణం, గ్యాలను మూడు డాలర్లు అనుకుందాం. అన్నీ నగర వీధులే అయితే హైబ్రిడ్ సుమారు 295 గ్యాలన్లు మిగులుస్తుంది, అనగా 885 డాలర్లు. అదనంగా పెట్టిన 1500 ఇరవై నెలలలో తిరిగి వస్తుంది. అంతా రాజమార్గమే అయితే మిగిలేది 45 గ్యాలన్లు, 136 డాలర్లు. అప్పుడు ఆ సొమ్ము తిరిగి రావడానికి పదకొండేళ్ళు! బండి ఒకటే, నడిపేవాని దారి వేరు.

రెంటినీ కలిపి ఆ సంస్థ ఇచ్చే సగటు 37, 26. ఆ లెక్కన మూడేళ్ళకు సొమ్ము చేతికి వస్తుంది. అమ్మేవారు చెప్పేది ఈ మూడేళ్ళ మాటే. ఏడాదికి 5000 మైళ్ళు మాత్రమే తిరిగే విశ్రాంత ఉద్యోగికి అదే సగటున మిగిలేది 171 డాలర్లు. అతనికి దాదాపు తొమ్మిదేళ్ళు పడుతుంది. ఆ పెద్దమనిషి ఒహాయో రాష్ట్రంలో ఉన్నాడనుకోండి. పెట్రోలు తక్కువ కాలిస్తే రోడ్ల పన్ను రాబడి తగ్గుతుందని, ఆ ప్రభుత్వం 2020 నుండి హైబ్రిడ్ బండ్ల మీద ఏడాదికి 100 డాలర్ల రుసుము విధించింది. 171లో వంద పోతే మిగిలేది 71. ఇరవై ఏళ్ళ పైమాటే.

వడ్డీని మరచిపోరాదు. అదనపు 1500 కూడా అప్పులో కలిసి, ఆరేళ్ళ వాయిదాల మీద నూటికి ఏడు వడ్డీతో తీరితే, చివరకు చెల్లించేది సుమారు 1840. మరొక వైపు, పెట్రోలు వెల మూడు డాలర్ల దగ్గర నిలిచి ఉండేది కాదు. 2020 ఏప్రిల్‌లో సగటు వెల రెండు డాలర్ల లోపునకు దిగింది. 2022 జూన్‌లో అయిదు డాలర్లు దాటింది. అయిదు డాలర్ల కాలంలో నగరంలో తిరిగే హైబ్రిడ్ ఒక్క ఏడాదిలోనే తన అదనపు వెలను దాదాపు తెచ్చి ఇస్తుంది.

బావగారి బ్యాటరీ భయానికి వస్తాను. అది కొట్టిపారవేయదగిన భయం కాదు, కాని పోలిక సరియైనది కాదు. మన ఇన్వర్టరులోనిది సీసపు బ్యాటరీ. కరెంటు పోయినప్పుడల్లా గంటల తరబడి ఖాళీ అయి మళ్ళీ నిండుతుంది, నీళ్ళు పోయడం మనం మరచిపోతాము. మావెరిక్‌లోనిది చిన్న లిథియం బ్యాటరీ, 1.1 కిలోవాట్ గంటలది. బండి దానిని పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు. హైబ్రిడ్ భాగాలకు ఫోర్డ్ ఇచ్చే హామీ ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళు, ఏది ముందైతే అది. టయోటా తన హైబ్రిడ్ బ్యాటరీలకు పదేళ్ళు లేదా లక్షా యాభై వేల మైళ్ళ హామీ ఇస్తున్నది. 2005 నుండి న్యూయార్క్ వీధులలో టాక్సీలుగా తిరిగిన ఫోర్డ్ హైబ్రిడ్లు ఈ పద్ధతి మొరటు పనికి తట్టుకోగలదని చూపాయి. మోటారే వేగం తగ్గిస్తుంది గనుక బ్రేకు పలకల అరుగుదల కూడా తక్కువ. అయినా హామీ గడువు తీరిన మరునాటి నుండి పూచీ యజమానిదే. బావగారి మాటలో నిజం అక్కడ ఉన్నది.

పెద్ద పికప్‌ల కథ వేరు. షెవ్రొలే కంపెనీ 2009 నమూనాతో ఆరు లీటర్ల ఇంజనుకు విద్యుత్ మోటార్లు జోడించి ఒక హైబ్రిడ్‌ను అమ్మకానికి పెట్టింది. కొనేవారు కరువై 2013తో అది ఆగిపోయింది. ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్ 2021 నమూనాగా వచ్చింది. దాని నాలుగు చక్రాల బండికి గ్యాలనుకు 24 మైళ్ళు, 3.5 లీటర్ల పెట్రోలు బండికి 20. ఏడాదికి మిగిలేది 375 డాలర్లు. వెలలో ప్రతి వెయ్యి డాలర్ల తేడాకూ రెండేళ్ళ ఎనిమిది నెలలు ఎదురు చూడాలి. బరువైన పడవనో గుర్రాల బండినో వెనుక కట్టుకొని రాజమార్గం మీద లాగేవానికి ఆ పొదుపు కూడా పలుచబడుతుంది. కాని దానిలో మరొక సదుపాయం ఉన్నది. అదనపు వెలకు 7.2 కిలోవాట్ల విద్యుత్తును బయటికి ఇచ్చే ఏర్పాటు దొరుకుతుంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు టెక్సాస్‌లో లక్షలాది ఇళ్ళు చీకటిలో, చలిలో మునిగినప్పుడు, కొందరు ఈ ట్రక్కు నుండి తీగ లాగి ఇంటిలో వెచ్చదనం నిలుపుకొన్నారు. దుకాణాలలో ఉన్న ట్రక్కులను అవసరమైన వారికి ఎరువివ్వమని ఫోర్డ్ తన డీలర్లను కోరింది. దీనిని గ్యాలన్లలో ఎట్లా కొలుస్తాము? వేరే జనరేటరు కొనే ఉద్దేశం ఉన్నవాడైతే దాని వెలను పద్దులో వేసుకోవచ్చు. లేనివాడు వేసుకోరాదు.

మా వాడు, "మామయ్యా, నావన్నీ ఊళ్ళో తిరుగుళ్ళే" అన్నాడు. మనిషి తన తిరుగుడును గురించి చెప్పే మాటను నేను అంతగా నమ్మను. ఒక నెల పాటు నోటుబుక్కులో వ్రాయమన్నాను. నెల తిరిగేసరికి 1100 మైళ్ళు తేలాయి. వాటిలో వీధులలో తిరిగినవి 400 మాత్రమే. ప్లేనో, ఫ్రిస్కోలలోని ఇళ్ళకు భోజనాలు చేర్చడానికి పెద్దరోడ్ల మీద పరుగెత్తినవి 700! అంకెలు చూసుకొని అతడే ఆశ్చర్యపోయాడు.

ఆ లెక్కన ఏడాదికి మిగిలేది 120 గ్యాలన్లు, 360 డాలర్లు. వడ్డీతో కలిపి 1840 తిరిగి రావడానికి అయిదేళ్ళ పైచిలుకు. బండిని పదేళ్ళు ఉంచుకుంటానన్నాడు. పదేళ్ళలో మిగిలేది 3600, అదనంగా పెట్టినది పోను నికరంగా 1760 డాలర్లు. లక్ష మైళ్ళ హామీ ఏడున్నర ఏళ్ళకే తీరిపోతుంది. చివరి రెండున్నర ఏళ్ళలో బ్యాటరీకి ఏమైనా అయితే, దానికి అడ్డుగా నిలిచేది ఈ 1760 మాత్రమే. పెట్రోలు బండికైనా టర్బో, ఎనిమిది గేర్ల పెట్టె ఉన్నవి. పదేళ్ళలో వాటికీ ఖర్చు రావచ్చు. హైబ్రిడ్‌లో ఆ రెండూ లేవు. బరువు లాగడంలో పెట్రోలుదే పైచేయి. తగిన పరికరాలు బిగిస్తే నాలుగు వేల పౌన్లు లాగుతుంది, 2024 నమూనా హైబ్రిడ్ రెండు వేలే. అయితే సాంబారు గిన్నెలకు అంత బలం అక్కరలేదు.

ఈ అంకెలన్నీ కాగితం మీద వ్రాసి ఫోటో తీసి పంపాను. పది రోజుల తరువాత అతడు హైబ్రిడ్‌నే కొన్నాడు. అయిదేళ్ళు ఆగగల ఓపిక తనకున్నదనీ, పెట్రోలు వెల మళ్ళీ అయిదు డాలర్లకు చేరితే వ్యాపారం మూసుకోవలసిన స్థితి మాత్రం తనకు వద్దనీ అన్నాడు. నోటుబుక్కు మానవద్దని చెప్పాను. మానలేదు. బావగారు మాత్రం ఆదివారం ఫోనులో కోడలి వంటలను గురించి, మనుమరాలి చదువును గురించి అడిగిన తరువాత, "బ్యాటరీ ఎట్లా ఉందిరా?" అని అడగడం నేటికీ మానలేదు.