షుగరు, గుండె, వంశం

హోసూరు, కృష్ణగిరి వైపు షుగరు మాట వినని ఇల్లు అరుదు. ఈ టైప్ 2 మధుమేహం కొందరిలో, బీపీ లేకున్నా, గుండె కండరాన్ని మందంగా, బిరుసుగా మారుస్తుంది. గుండె ఎడమ కింది గది అయిన ఎడమ జఠరిక సరిగా సడలక ఆయాసం వస్తుంది.

ఈ మార్పు అందరిలో ఒకేలా రాదు. జన్యువుల పాత్ర కూడా ఉంటుంది. గుండె కండరంలోని ఒక ప్రోటీన్‌కు ఎంవైబీపీసీ3 అనే జన్యువు మూలం. అందులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించిన రూపం సుమారు నూటికి నలుగురు భారతీయుల్లో ఉందని 2009లో హైదరాబాదు సీసీఎంబీ, మదురై పరిశోధకులు తదితరులు వెల్లడించారు. అది గుండె కండర జబ్బు ముప్పును పెంచుతుంది. ఈ జన్యు లోపం షుగరుతో సంబంధం లేకుండా పుట్టుకతో వచ్చేది.

మీకు షుగరుండి, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఎకో పరీక్ష అవసరమేమో అడగండి.