రెండు మోతియాలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంటి జబ్బులను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. కంటి జబ్బులన్నిటినీ చెప్పుకుంటూ పోతే ఈ సభ రేపు ఫజర్ నమాజు దాకా సాగుతుంది. అందుచేత ఒక్క విషయమే పట్టుకొని మాట్లాడదలచాను. మన ఇళ్లలో పెద్దవాళ్లకు చూపు తగ్గితే, "మోతియా వచ్చినట్టుంది, ముదిరాక తీయిద్దాం" అంటారు. ఈ ఒక్క మాట వల్ల ఎన్ని కళ్లు పోతున్నాయో రోజూ చూస్తున్నదాన్ని గనుక, దాన్ని గురించే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దావిడను కోడలు చెయ్యి పట్టుకొని నా దగ్గరకు తీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి. ఫజర్ తరువాత ఖురాన్ తిలావత్ చేయనిదే పొయ్యి వెలిగించని అలవాటు. కుర్చీలో కూర్చోగానే, "బేటీ, మోతియా బాగా ముదిరింది. ఇక తీసెయ్యి" అన్నది. రెండేళ్లుగా అది ముదరడం కోసమే ఎదురు చూస్తున్నదట. పరీక్ష చేసి చూస్తే ఆ వయసులో అందరికీ వుండే కాస్త మసక తప్ప శుక్లం పెద్దగా లేదు. వున్నది కాలా మోతియా. కుడికంటికి వెలుగు కూడా తెలియడం లేదు. ఎడమకంటికి మధ్యలో కొంచెం చూపు మాత్రం మిగిలింది, గొట్టంలోనుంచి చూసినట్లుగా. "తీయడానికి అందులో ఏమీ లేదమ్మా" అని చెప్పవలసి వచ్చింది. కోడలు నమ్మలేదు. "మోతియానే కదా డాక్టరమ్మా, ఆపరేషన్ చేస్తే చూపు రాదా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. ఆమె తప్పేమీ లేదు. రెండు వేరు వేరు జబ్బులకు మనం ఒకే పేరు పెట్టుకున్నాం.

మొదట తెల్ల మోతియా సంగతి చూద్దాం. దీన్నే తెలుగులో శుక్లం అంటారు. కనుపాప వెనుక అద్దం లాంటి లెన్సు ఒకటి వుంటుంది. వయసుతో అది మసకబారుతుంది. ఆవిరి పట్టిన అద్దంలోనుంచి చూసినట్టు వుంటుంది చూపు. మన దేశంలో 2015 నుండి 2019 వరకు జరిపిన జాతీయ సర్వేలో, యాభై ఏళ్లు దాటినవారి అంధత్వంలో మూడింట రెండు వంతులకు ఈ శుక్లాలే కారణమని తేలింది. ఇంత పెద్ద శత్రువు అయినా లొంగే శత్రువు. ఆ మసక లెన్సు తీసి కొత్తది పెడితే చూపు తిరిగి వస్తుంది.

దీని చరిత్రలో మన వాళ్ల పాలు కొంత వున్నది, చెప్పకుండా వుండలేను. మన దేశంలో సుశ్రుతుని కాలం నుండి మసక లెన్సును సూదితో లోపలికి తోసేసేవారు. సుమారు వెయ్యేళ్ల క్రితం మోసుల్ పట్టణం నుండి ఈజిప్టుకు వెళ్లిన అమ్మార్ ఇబ్న్ అలీ అనే కంటి వైద్యుడు బోలుగా వున్న సన్నని లోహపు సూదితో శుక్లాన్ని పీల్చి తీసే పద్ధతిని తన గ్రంథంలో వ్రాసిపెట్టాడు. అదే కాలంలో బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైథమ్, చూపు అంటే కంటినుండి బయటకు వెళ్లే కిరణం కాదనీ, వస్తువు నుండి వచ్చే వెలుతురు కంటిలో ప్రవేశించడమేననీ నిరూపించి 'కితాబ్ అల్ మనాజిర్' వ్రాశాడు. ఇంతటి వారి వారసులం, మన ఇంటి పెద్దావిడకు చూపు ఎందుకు తగ్గిందో రెండేళ్లు అడగలేకపోయాం.

సరే, "ముదరాలి" అనే మాట ఎక్కడి నుండి వచ్చింది? అది పూర్తిగా అబద్ధం కాదు. వెనుకటి రోజుల్లో శుక్లం ముదిరితేగాని తీయడం కష్టం. తీసిన తరువాత కంటిలో లెన్సు వుండదు గనుక సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకోవలసి వచ్చేది. అందుకే డాక్టర్లే ఆగమనేవారు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొట్టమొదటిసారి కంటిలో ప్లాస్టిక్ లెన్సు అమర్చాడు. యుద్ధంలో విమానాల పైకప్పు ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకొని కూడా కంటికి హాని చేయకుండా వుండిపోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ శుక్లాన్ని ధ్వని తరంగాలతో చితక్కొట్టి చిన్న రంధ్రం గుండా పీల్చే పద్ధతి కనిపెట్టాడు. మధురైలో 1976లో 11 పడకలతో డాక్టర్ వెంకటస్వామి గారు మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి వారు 1992 నుండి లెన్సులను మన దేశంలోనే చవకగా తయారు చేయించసాగారు. ఆ మహానుభావుడికి కీళ్లవాతంతో చేతి వేళ్లు వంకరపోయాయి. ఆ వేళ్లతోనే వేల ఆపరేషన్లు చేశారు.

కాబట్టి ఈనాడు ముదిరేదాకా ఆగనక్కర లేదు. బాగా ముదిరితే లెన్సు రాయిలాగా గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. బియ్యంలో రాళ్లు కనబడకపోయినా, సూదిలో దారం ఎక్కకపోయినా, ఖురాన్ అక్షరాలు అలుక్కుపోయినట్టు వున్నా వచ్చి చూపించుకోండి. శుక్లమైతే ఎప్పుడు తీయాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు. ప్రభుత్వ కంటి ఆసుపత్రుల్లోను, ధర్మ ఆసుపత్రుల్లోను ఉచితంగా చేస్తారు.

నమాజును గురించి చాలామంది భయపడతారు. ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులు తల బాగా వంచవద్దనీ, కంటిలో నీళ్లు పడనివ్వవద్దనీ చెబుతాం. సజ్దా పోతుందని, వుజూ కుదరదని ఆపరేషనే వాయిదా వేసుకున్నవారిని ఎరుగుదును. కుర్చీలో కూర్చుని సైగతో నమాజు చేసుకోవడానికి రోగికి షరీఅత్‌లో వెసులుబాటు వున్నది. వుజూ సంగతి మీ మస్జిద్ ఇమాం సాహెబ్‌ను అడగండి, దారి చెబుతారు. ఎన్ని రోజులో మీ డాక్టరును అడగండి. నెలల తరబడి కాదు, కొద్ది రోజులే.

ఇక కాలా మోతియా. తెలుగులో నీటికాసులు అంటారు. కంటి లోపల ఒక నీరు ఊరుతూ, సన్నని జల్లెడ గుండా బయటకు పోతూ వుంటుంది. ఆ దారి మూసుకుపోతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా ఆ ఒత్తిడి 10 నుండి 21 మిల్లీమీటర్ల మధ్య వుంటుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ కంటినుండి మెదడుకు పోయే నరం కొంచెం కొంచెంగా ఎండిపోతుంది. కొందరికి ఒత్తిడి మామూలుగానే వుండి కూడా నరం దెబ్బ తింటుంది. అందుకే ఒత్తిడి కొలిచి వదిలిపెట్టకుండా నరాన్ని కూడా చూస్తాం. నొప్పి వుండదు, ఎరుపు వుండదు. చూపు ముందు అంచుల నుండి పోతుంది గనుక మనిషికి తెలియదు. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తూనే వుంటుంది, కాలి దగ్గర గడప మాత్రం కనిపించదు. ఇంట్లో పెద్దావిడ గడపలకు తట్టుకుంటుంటే, పక్కనుంచి పిల్లవాడు వచ్చినప్పుడు ఉలిక్కిపడుతుంటే, ముసలితనమని నవ్వేయకండి.

ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. ఏ ఆపరేషనూ, ఏ లేజరూ తేలేవు. మందులతోగాని, లేజరుతోగాని, ఆపరేషనుతోగాని మిగిలిన చూపును కాపాడగలం, అంతే. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు 1990ల చివర్లో జరిపిన అధ్యయనంలో, ఈ జబ్బు వున్నవారిలో నూటికి తొంభైమందికి పైగా అప్పటిదాకా తమకు జబ్బు వున్నదని తెలియదు. పరీక్ష చేసేదాకా వాళ్లంతా ఆరోగ్యవంతులే!

ఇందులోనే ఇంకో రకం వున్నది. అది చడీచప్పుడు లేకుండా రాదు. అకస్మాత్తుగా కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, తలనొప్పి, వాంతులు. దీపం చుట్టూ రంగు రంగుల వలయాలు. ఇది మన ఆడవాళ్లలో ఎక్కువ. పైత్యం అనుకొని వాంతుల మాత్ర మింగి పడుకుంటారు. తెల్లవారేలోగా కన్ను పోవచ్చు. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చుక్కల మందు జీవితాంతం వేసుకోవాలి, బి.పి. మాత్ర లాగానే. ఇక్కడొక చిక్కు వస్తున్నది. రంజాన్ నెలలో రోజా చెడుతుందని ముప్పై రోజులు మందు మానేస్తారు. ఈద్ తరువాత వస్తే ఒత్తిడి కొండెక్కి కూర్చుంటుంది. పెద్దలు గమనించాలి. గొంతులోకి వచ్చినదాన్ని మింగకుండా వుంటే, కంటి చుక్కల వల్ల రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. అయినా మనసు ఒప్పకపోతే పేచీ లేదు. రోజుకు రెండుసార్లు వేసే మందును సహరికి ముందు ఒకసారి, ఇఫ్తార్ తరువాత ఒకసారి వేసుకోవచ్చు. కొన్ని మందులైతే రాత్రిపూట ఒక్క చుక్క చాలు. చుక్క వేసిన తరువాత కన్ను మూసి, ముక్కు పక్కనున్న మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కిపెడితే మందు గొంతులోకి దిగదు. మీ మందును ఏ వేళకు మార్చుకోవచ్చో రంజాన్‌కు పదిహేను రోజుల ముందే డాక్టరును అడగండి. మానడం మాత్రం వద్దు.

మందుల షాపులో అడిగి కొనుక్కునే చుక్కల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఎండాకాలంలో పిల్లలకు కళ్లు దురద పెడతాయి. ఎవరో ఒక సీసా ఇస్తారు. వేయగానే హాయిగా వుంటుంది. అలా నెలలు, ఏళ్లు వేస్తారు. అందులో స్టెరాయిడ్ వుంటే పన్నెండేళ్ల పిల్లవాడికి కూడా కాలా మోతియా రావచ్చు. అలాంటి పిల్లవాళ్లను చూశాను. చీటీ లేకుండా కంటి చుక్కలు కొనవద్దు. పాత సీసా దాచి మళ్లీ వేయవద్దు.

సుర్మా గురించి అడుగుతారని తెలుసు. సుర్మా మీద మనకున్న గౌరవం నాకూ వున్నది. కాని బజారులో అమ్మే సుర్మాలలో చాలావాటిలో సీసం వుంటుంది. పాలు తాగే పిల్లలు కళ్లు నులుముకొని ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం పిల్లల మెదడుకు విషం. కనీసం చిన్నపిల్లల కళ్లకు పెట్టకండి.

షుగరు వ్యాధి వున్నవాళ్లు చూపు బాగున్నా సంవత్సరానికి ఒకసారి చుక్కలు వేయించుకొని కంటి వెనుక పరదాను చూపించుకోవాలి. అది కూడా చప్పుడు చేయని జబ్బే.

ఆడవాళ్లే ఎందుకు ఆలస్యంగా వస్తున్నారని చాలా ఆలోచించాను. మగవాడికి చూపు తగ్గితే స్కూటరు నడపలేడు, దుకాణంలో లెక్క చూడలేడు. నాలుగు రోజుల్లో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. ఆడమనిషికి తన వంటిల్లు చేతులకే తెలుసు. ఉప్పు డబ్బా ఎక్కడో, కారం డబ్బా ఎక్కడో కళ్లు మూసుకొని తీయగలదు. వంట జరుగుతున్నంతకాలం ఆమెకు చూపు వున్నట్టే ఇంట్లో లెక్క. ఆమె కూడా చెప్పదు. కొడుకు పని చెడుతుంది, ఆటో ఖర్చు, మనవరాలి నిఖా దగ్గర పడింది, ఇలా. ఇంకొందరికి మగ డాక్టరు ముందు కూర్చోవడానికి మొహమాటం. కంటి పరీక్షకు బుర్ఖా తీయనక్కర లేదమ్మా, కళ్లు కనిపిస్తే చాలు. పక్కన మీ మనిషి వుండవచ్చు. కళ్లద్దాలు పెడితే పెళ్లి సంబంధాలు రావని ఆడపిల్లలకు అద్దాలు పెట్టని తల్లులు ఇంకా వున్నారు. బోర్డు కనబడక చదువు మానేసిన పిల్లకు వచ్చే సంబంధం ఎలాంటిదో వాళ్లే చెప్పాలి.

ప్రభుత్వాలు ఇంటి దగ్గరికే వచ్చిన సందర్భాలున్నాయి. 2018లో తెలంగాణలోను, 2019లో ఆంధ్రప్రదేశ్‌లోను కంటి వెలుగు పథకాలు పెట్టి ఉచితంగా పరీక్షలు చేసి అద్దాలు ఇచ్చారు. అలాంటివి వచ్చినప్పుడు తప్పక వాడుకోవాలి, రానప్పుడు కూర్చుని ఎదురు చూడరాదు.

సంఘం వారికి నా విన్నపం ఒకటి. మీరు ఏటా వైద్య శిబిరం పెడుతున్నారు, సంతోషం. కాని అది జుమా నమాజు తరువాత మస్జిద్ ఆవరణలో జరుగుతున్నది. వచ్చేవాళ్లంతా మగవాళ్లే. వచ్చే శిబిరం ఒక పూట ఆడవాళ్ల కోసమే ఏదైనా బాలికల పాఠశాలలో పెట్టండి. నలభై దాటిన ప్రతి స్త్రీ పేరూ వీధుల వారీగా రాసుకోండి. మీ ఇళ్లలోని చదువుకున్న ఆడపిల్లలు ఆ పని రెండు ఆదివారాల్లో చేయగలరు. ఒత్తిడి కొలిచే యంత్రం నేను తెస్తాను. ఆటో ఖర్చులకు, అద్దాలకు జకాత్, సదకా నిధుల్లోనుంచి అర్హులైనవారికి ఎలా ఇవ్వవచ్చో ఉలమాను సంప్రదించి పెద్దలు నిర్ణయించాలి.

మొదట చెప్పిన పెద్దావిడ ఇప్పటికీ నాలుగు నెలలకు ఒకసారి వస్తున్నది. ఎడమకంటిలో మిగిలిన చూపు అలాగే నిలిచింది. పెద్ద అక్షరాల ఖురాన్ తెప్పించుకొని, దీపం పక్కన పెట్టుకొని, ఒక్కొక్క పంక్తి కింద వేలు పెట్టి చదువుకుంటున్నదట. ఈ జబ్బు తోబుట్టువులకు వచ్చే అవకాశం ఎక్కువ గనుక ఆమె చెల్లెళ్లిద్దరినీ పంపమన్నాను. ఒకామె వచ్చింది. ఒత్తిడి ఎక్కువగా వున్నది, చూపు ఇంకా పోలేదు, మందు మొదలుపెట్టాం. రెండో ఆమె ఈ ఊళ్లోనే వున్నది. ఇంకా రాలేదు. ఆమె బంధువులు ఎవరైనా ఈ సభలో వుంటే దయచేసి రేపు ఉదయం తీసుకొని రండి.