విద్యుత్తు నడచు దారి

మన పల్లెలలో దీపము వెలిగించుటకును, బోరుబావినుండి నీరు తోడుటకును విద్యుత్తే యాధారమైనది. ఇంతగా మన యిండ్లలోనికిని పొలములలోనికిని వచ్చిన యీ శక్తి యే నియమమున నడచునో తెలియుట మన ప్రాణములకు క్షేమకరము. ఆ విషయమునే యిపుడు మనవి చేయుచున్నాను.

చలికాలమున గాలి పొడిగా నున్నపుడు, తల దువ్విన దువ్వెనను చిన్న కాగితపు ముక్కల చెంత నుంచినచో నవి యెగిరి దాని నంటుకొనును. రాపిడివలన దువ్వెనకు కలిగిన యీ గుణమునకు విద్యుదావేశమని పేరు. ఇది ధనమనియు ఋణమనియు రెండు విధములు. ఒకే విధమైనవి యొకదానినొకటి త్రోసికొనును, భిన్నమైనవి యాకర్షించుకొనును. 1897లో ఇంగ్లండునందు జె. జె. థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు ఋణావేశము గల యత్యంత సూక్ష్మకణమును కనుగొనెను. దానినే ఎలక్ట్రాన్ అందురు. రాపిడిలో వెంట్రుకలనుండి దువ్వెనకు తరలినవి యీ కణములే.

దువ్వెనమీద నిలిచిన యావేశము చెరువునీటివంటిది. తీగవెంట కదలు నావేశము కాలువవంటిది. ఈ కదలికయే విద్యుత్ప్రవాహము. రాగి, అల్యూమినియము మొదలగు లోహములలో ఎలక్ట్రానులు కొన్ని స్వేచ్ఛగా కదలగలవు గనుక నవి వాహకములైనవి. రబ్బరు, పింగాణి, బాగుగా నెండిన కఱ్ఱ దారి నీయవు. పల్లము లేక కాలువ పారనట్లు, ఒత్తిడి లేక యీ ప్రవాహమును నడువదు. ఒత్తిడిని వోల్టులలోను, ప్రవాహమును ఆంపియర్లలోను, దారిలోని యడ్డగింపును ఓములలోను కొలుతురు. వోల్టులను ఓములచే భాగించినచో ఆంపియర్లు వచ్చును. ఇది 1827లో జర్మనీదేశీయుడైన ఓమ్ పండితుడు ప్రకటించిన సూత్రము.

అయితే కాలువకును దీనికిని ఒక భేదము గలదు. కాలువనీరు మడిలో నింకిపోవచ్చును. విద్యుత్తు మాత్రము బయలుదేరిన చోటికి మరల చేరు దారి యున్నగాని కదలదు. టార్చిలైటును చూడుడు. బ్యాటరీ యొక్క యొక కొననుండి బల్బుగుండ రెండవ కొనకు దారి కలిసినపుడే వెలుగు వచ్చును. ఆ దారినే వలయమందురు. మీట చేయు పనియెల్ల వలయమును కలుపుటయు త్రెంచుటయు మాత్రమే.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. ఫేజు తీగలో వచ్చినది న్యూట్రలు తీగలో తిరిగి పోవును. కాని ట్రాన్స్‌ఫార్మరు కడ న్యూట్రలును భూమికి కలిపియుందురు. కావున భూమియు నొక తిరుగుదారియే. ఒకే తీగమీద వ్రాలిన పిట్టకు రెండు కాళ్లును ఒకే ఒత్తిడిపై నున్నవి, భూమితో సంబంధము లేదు. అందుచే దానికి హాని లేదు. తడినేలపై వట్టికాళ్లతో నిలిచి ఫేజును తాకిన మనుష్యుడో, తన దేహముతోనే వలయమును పూర్తిచేయుచున్నాడు. తడిసిన దేహము యొక్క యడ్డగింపు 1000 ఓములకు దిగవచ్చును. 230ని 1000చే భాగింపుడు: 0.23 ఆంపియరు. 60 వాట్ల బల్బు వెలుగుటకు పట్టునది యించుమించు నింతయే. ఇందులో సగము దేహముగుండ పాఱినను గుండె యాగిపోవచ్చును.

కావున పెద్దలకు నా విన్నపము. మోటారుకును స్టార్టరు పెట్టెకును ఎర్తు తీగను తప్పక కట్టింపుడు. ఇనుపపెట్టెకు ఫేజు తగిలినపుడు ప్రవాహమునకు దేహముకంటె సులభమైన దారి యా తీగయే. అపుడు ఫ్యూజు కరగి వలయము తెగును. ఫ్యూజులో లావుతీగ చుట్టినచో నది కరగదు, రక్షింపదు. ఎవరికైన విద్యుద్ఘాతము తగిలినచో చేతితో పట్టి లాగవలదు. ముందు మీట నాపుడు. తెగిపడిన స్తంభపుతీగను సమీపింపక విద్యుత్ సిబ్బందికి తెలుపుడు.

అడవిపందులకై పొలముచుట్టు తీగ కట్టి, దానికి స్తంభమునుండి విద్యుత్తు నిచ్చువారు కలరు. ఇది చట్టవిరుద్ధము. అట్టి తీగ సగము కట్టిన వలయము; మిగిలిన సగమును పూర్తిచేయు ప్రాణికొరకు కాచుకొనియుండును. ఆ ప్రాణి పందియో, పొరుగురైతో, చీకటిలో నీరు పెట్టబోయిన మన బిడ్డయో దానికి తెలియదు. మీ మాట మన్నించు గ్రామములో నట్టి తీగ యొక్కటియు నుండకుండ చూడుడని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.