గుమ్మంలో నీళ్ల బకెట్



దీపావళి దగ్గరికొచ్చింది. ప్రమిదలు కొంటున్నాం. పిల్లలు టపాకాయలకి డబ్బులడుగుతున్నారు. కాల్చొద్దని చెప్పటానికి నేను రాలేదు. పండగ పండగే. కానీ ఆ రాత్రి పిల్లల పక్కన నిలబడేది మనం. ఎవరికైనా కాలితే ముందు పరుగెత్తేదీ మనమే. అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెబుతున్నాను.

కోస్తా ఊళ్లలో ఆ సాయంత్రం పిల్లల చేత దివిటీలు కొట్టిస్తారు. గోగుకర్రలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగిస్తారు. తర్వాత పిల్లల కాళ్లు కడిగి, నోట్లో మిఠాయి పెడతారు. కాళ్లు కడిగిన నీళ్ల బకెట్ గుమ్మంలో ఉంటుంది గదా? దాన్ని లోపల పెట్టెయ్యకండి. మళ్లీ నింపి అక్కడే ఉంచండి. ఆ అలవాటు లేని ఊళ్లో కూడా ఒక బకెట్ నీళ్లు, ఒక చెంబు పెట్టుకోండి.

ముందు కాకరపువ్వొత్తి సంగతి చూద్దాం. బాంబంటే అందరికీ భయమే. కాకరపువ్వొత్తి అంటే ఎవరికీ భయం లేదు. మూడేళ్ల పిల్ల చేతికి కూడా ఇచ్చేస్తాం. నీళ్లు ఎంత వేడికి మరుగుతాయి? 100 డిగ్రీలకి. వెలుగుతున్న కాకరపువ్వొత్తి కొస 1000 డిగ్రీలు దాటుతుంది. వెలుగు ఆరిపోతుంది, తీగ వేడి మాత్రం ఆరదు. పిల్లలు ఆ తీగని కింద పారేస్తారు. ఇంకో పిల్లాడు ఉత్తకాళ్లతో తొక్కుతాడు. అందుకే ఆరిన తీగని వెంటనే బకెట్లో ముంచాలి. చుయ్యిమంటుంది చూడండి, అంత వేడి. పిల్లల కాళ్లకి చెప్పులు వెయ్యండి. చంకలో బిడ్డని పెట్టుకుని ఏదీ కాల్చకండి.

ఇక మన చీరలు. కొత్త చీర పూజకి కట్టుకోండి. కాల్చే వేళకి నూలు చీర మార్చుకోండి. నైలాన్ చీర అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. పమిట నడుముకి దోపుకోండి. గుమ్మంలో ప్రమిదలుంటాయి. ముందున్న పిల్లాణ్ణి చూస్తుంటే, వెనక కొంగు దీపం మీద పడుతుంది.

చీర అంటుకుంటే పరుగెత్తకూడదు. గాలికి మంట పెరుగుతుంది. నేల మీద పడుకుని దొర్లాలి. పక్కవాళ్లు నీళ్లు పొయ్యాలి, లేదా గొంగడి కప్పాలి.

చిచ్చుబుడ్డిని చేత్తో పట్టుకోకండి. పొడుగాటి ఊదువత్తితో, ముఖం పక్కకి తిప్పుకుని అంటించండి. ఆరిందనుకుని వంగి చూడకండి. కళ్లు పోయేది అక్కడే. తారాజువ్వలు పూరిళ్ల దగ్గర, గడ్డివాముల దగ్గర అసలే వద్దు. పేలని టపాకాయ మీద దూరం నుంచి నీళ్లు గుమ్మరించండి. లేకపోతే తెల్లారగానే పిల్లలు వాటిని ఏరుకుంటారు. మందు కాగితంలో పోసి అంటిస్తారు. భగ్గుమని ముఖానికే కొడుతుంది.

2018లో సుప్రీంకోర్టు దీపావళి రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలని చెప్పింది. నాకైతే అది మంచిదే అనిపిస్తుంది. ఆ రెండు గంటలూ పనులు మానుకుని పిల్లల దగ్గర కూర్చోవచ్చు.

కొన్ని ఊళ్లలో సిసింద్రీలు, మతాబులు ఇంట్లోనే కడతారు. కూలికి వెళ్లి కట్టే ఆడవాళ్లూ ఉన్నారు. 2014లో దీపావళి ఇంకా మూడు రోజులుందనగా, తూర్పుగోదావరి జిల్లా వాకతిప్పలో బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగింది. పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పనికి వెళ్లిన ఆడవాళ్లే. సురేకారం, గంధకం కలిపిన మందుకి పొయ్యి అక్కర్లేదు. ఒక రాపిడి చాలు. లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచెయ్యటం నేరం కూడా.

ఇంత చూసుకున్నా ఒక్కోసారి కాలుతుంది. అప్పుడేం చేస్తాం? ఒకరు సిరా పొయ్యమంటారు. ఒకరు పేస్టు రాయమంటారు. ఇంకొకరు పసుపు, నూనె అంటారు. "నీళ్లు తగలనియ్యకు, బొబ్బలెక్కుతుంది" అని అత్తగారు కేకేస్తుంది. ఆవిడ ప్రేమతోనే అంటుంది. కానీ పొయ్యాల్సింది నీళ్లే.

ఎందుకో చెబుతాను. కుండ పొయ్యి మీంచి దించాక కూడా అన్నం లోపల ఉమ్మగిల్లుతుంది గదా? కాలిన ఒళ్లు కూడా అంతే. మంట ఆరినా, లోపల చర్మం ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ఆ వేడిని లాగేసేవి చల్లటి నీళ్లే. నూనె రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది. సిరా పోస్తే ఎంత లోతుగా కాలిందో డాక్టరుకి కనపడదు. ఐసు ముక్క కూడా పెట్టకూడదు, అది చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది.

చెంబుతో ఒకసారి పోసి ఊరుకుంటే చాలదు. 20 నిమిషాలు పొయ్యాలి. అంటే, ఎసట్లో పోసిన బియ్యం అన్నమయ్యేంతసేపు. పొయ్యటం మొదలుపెట్టగానే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యండి. వాపు వచ్చాక అవి రావు. ఒంటికి అతుక్కున్న గుడ్డని మాత్రం పీకకండి. బొబ్బలు చిదపకండి. తర్వాత ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పండి. కంటికి దెబ్బ తగిలితే నలపకండి, గుచ్చుకున్నది తియ్యకండి. వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ముఖం, చేతులు కాలినా, అరచేయంత మేర కాలినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. 108కి ఫోను చెయ్యండి. డబ్బులడగరు. ఊరు, మండలం, దగ్గర్లో ఉన్న గుడో బడో చెప్పండి. ఎవరికి కాలిందో, వయసెంతో చెప్పండి. బండి వచ్చేలోపు నీళ్లు పోస్తూనే ఉండండి.

ఇల్లు అంటుకుంటే 101. కంగారులో అంకెలు గుర్తుకురావు. ఇంటికెళ్లగానే సుద్దముక్క తీసుకోండి. తలుపు మీద 108, దాని కింద 101 పెద్దగా రాయండి. పిల్లల చేత రాయించకండి, మీరే రాయండి.